‘హ్యావింగ్ సాలెమ్‌లీ రిసాల్వ్‌డ్’: ఈ వాక్యంలో క్రియ ఎక్కడుంది?

ప్రశ్న (విజయనగరం నుంచి):
గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నాను. రాజ్యాంగ పీఠికను ఇంగ్లీషులో ఎన్నిసార్లు చదివినా, ‘వుయ్, ది పీపుల్ ఆఫ్ ఇండియా’ తరువాత ఆ ప్రజలు ఏం చేశారో చెప్పే మాట నాకు దొరకడం లేదు. ‘హ్యావ్ అంటే కలిగి ఉండు’ అనుకుంటూ ‘హ్యావింగ్’ దగ్గరే ఆగిపోతున్నాను. దయచేసి విడదీసి చెప్పండి.

సమాధానం (శ్రీకాకుళం నుంచి):
అమ్మా, పీఠిక మొత్తం ఒకే వాక్యం. ‘వుయ్’ అనే కర్త మొదటి మాట కాగా, దాని సమాపక క్రియలైన ‘డూ హియర్‌బై అడాప్ట్, ఎనాక్ట్ అండ్ గివ్’ అనేవి సంకల్పాలన్నీ, 1949 నవంబరు 26 అన్న తేదీ కూడా దాటిపోయాక గాని రావు. ఇంగ్లీషులో కర్త పక్కనే క్రియ ఉంటుందని బడిలో నేర్చుకున్న సూత్రాన్ని నమ్ముకున్నందువల్లనే మీరు మొదటి వరుసలో వెతికారు.

ఇక ‘హ్యావింగ్ రిసాల్వ్‌డ్’ అన్నది మన క్త్వార్థకమే. ‘అన్నం తిని బడికి వెళ్ళాడు’ అన్నప్పుడు ‘తిని’ అనే మాట తినే పని ముగిసిందని చెబుతుంది గాని వాక్యాన్ని ముగించదు. ‘సంకల్పించుకొని’ కూడా అంతే. ఏమని సంకల్పించుకొన్నారంటే, ‘టు కాన్‌స్టిట్యూట్, టు సెక్యూర్, టు ప్రమోట్’ అనే మూడూ దానికి జవాబులు. 1976లో 42వ సవరణ ద్వారా సామ్యవాద, లౌకిక అనే మాటలు చేరినా ఈ ఎముకల గూడు కదలలేదు. తెలుగులో చెబితే ‘ప్రజలమైన మేము … సంకల్పించుకొని … ఈ రాజ్యాంగాన్ని స్వీకరించి, శాసనంగా చేసి, మాకు మేమే ఇచ్చుకొంటున్నాము’ అవుతుంది. ఇంగ్లీషులో సమానంగా నిలిచిన మూడు క్రియల్లో రెండింటిని మన భాష అసమాపకాలుగా మార్చుకొని, చివరిదానికే ముగింపును అప్పగించిందని గమనించండి. నాకు ఎంతో ఇష్టమైన చోటు ఇది.

ప్రశ్న (విజయనగరం నుంచి):
ధన్యవాదాలు మాస్టారూ. చివరి భాగాన్ని ‘వ్యక్తి గౌరవానికి హామీ ఇస్తూ సౌభ్రాతృత్వాన్ని పెంపొందించడానికి’ అని రాసుకున్నాను. సరేనా?

సమాధానం (శ్రీకాకుళం నుంచి):
చాలావరకు సరే గాని, ‘ఇస్తూ’ అన్నచోట ‘ఇచ్చే’ అని ఉండాలి. ‘ఇస్తూ’ అంటే హామీ ఇచ్చేది ప్రజలవుతారు. మూలంలో ‘అష్యూరింగ్’ అన్నది దాని ముందున్న ‘ఫ్రెటర్నిటీ’కి విశేషణం కాబట్టి హామీ ఇచ్చేది సౌభ్రాతృత్వమే. ‘ఇచ్చి, ఇస్తూ, ఇచ్చే’ అని మనం మూడు రూపాల్లో తేడా చూపే చోట ఇంగ్లీషు తరచుగా ఒక్క ‘ఇంగ్’తోనే పని నడుపుతుంది. అందువల్ల అది కనిపించినప్పుడల్లా ‘ఈ పని ఎవరిది?’ అని అడిగి, ఆ తరువాతే తెలుగు ప్రత్యయాన్ని ఎంచుకోవాలి.

విశేషణం నామానికి వెనుక రావడం మనకు కొత్త కనుక అది అలవాటయ్యేదాకా చిన్న వాక్యాలు పట్టండి. ‘ది బోట్ ది ఫిషర్‌మన్ సోల్డ్ శాంక్’ అని ఉంటే, రెండు నామాలు, రెండు క్రియలు పక్కపక్కనే నిలబడి కంగారుపెడతాయి. కళింగపట్నం ఒడ్డున ఎవరైనా ‘జాలరి అమ్మిన పడవ మునిగింది’ అని ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. ఆ ‘అమ్మిన’ను ‘ది ఫిషర్‌మన్ సోల్డ్’ అనే తునకలో మీరు గుర్తుపట్టారంటే, మిగిలిన ‘శాంక్’ పడవకు చెందిన క్రియ అని వెంటనే తేలిపోతుంది.