బాప్తిస్మం తర్వాత ఇంట్లో ఉన్న మంత్రాల సామాను ఏం చేశారు?

కృష్ణలంక_సిస్టర్:
అందరికీ వందనాలు. మాది విజయవాడ. మా నాన్నగారు అంజనం వేసేవారు. తమలపాకు మీద కాటుక రాసి, చిన్నపిల్లల చేత చూపించి, పోయిన బంగారం ఎక్కడుందో చెప్పేవారు. ఆయన పోయాక ఆ పెట్టె నా దగ్గరికి వచ్చింది. రాగిరేకు యంత్రాలు, కాటుక భరిణె, చేత్తో రాసుకున్న మంత్రాల నోటు పుస్తకాలు ఉన్నాయి. ఈస్టర్ తర్వాత నేను బాప్తిస్మం తీసుకున్నాను, పెట్టె మాత్రం ఇంకా అటక మీదే ఉంది. దాన్ని కదిలిస్తే ఇంట్లో ఎవరో ఒకరు మంచాన పడతారని మేనత్త అంటోంది. రాత్రయితే టెన్షన్. మీరెలా వదిలించుకున్నారు?

నల్లపాడు_బ్రదర్:
సిస్టర్, బైబిల్లో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదవండి. ఎఫెసులో మాంత్రిక విద్య పుస్తకాలు తెచ్చి అందరి ఎదుటా కాల్చారు, వాటి వెల 50,000 వెండి రూకలు. ఇది అందరూ చెప్పేదే. దాని ముందు వచనం చూడండి. వచ్చి ఒప్పుకున్నవాళ్ళు అప్పటికే విశ్వసించినవాళ్ళు. నమ్ముకున్నాక కూడా కొంతకాలం ఆ పుస్తకాలు వాళ్ళ ఇళ్ళలో ఉన్నాయన్నమాట. కాబట్టి అటక మీద పెట్టె ఉందని మీ రక్షణను అనుమానించకండి.

మా ఇంట్లో ఈ పని పట్టపగలే చేశాం. అర్ధరాత్రి చేస్తే అదీ ఒక తంతు అవుతుందని పాస్టరు గారు ముందే అన్నారు. కీర్తన పాడి, ప్రార్థన చేసి, పుస్తకాలు పెరట్లో కాల్చాం. రాగిరేకులు కాలవు కదా, సుత్తితో కొట్టి గీతలు చెరిపేసి పాత సామాన్లవాడికి వేశాం. అమ్మ చేతికి తాయెత్తు ఉండేది. నల్లతాడు కింద చర్మం చుట్టూ తెల్లగా చార పడిపోయింది, ఎన్నేళ్ళ నాటిదో. కత్తెర ఆవిడ చేతికే ఇచ్చాం. చెయ్యి వణికినా తనే కోసుకుంది. ఎవరిది వాళ్ళే తీయాలి, బలవంతంగా తెంపితే భయం లోపలే ఉండిపోతుంది.

గుంటూరు_నర్సు:
మీ మేనత్త గారి మాట గురించి ఒకటి చెప్తాను. చేతబడి అని ఏళ్ళ తరబడి తిప్పిన పిల్లల్ని ఆసుపత్రిలో చూశాను. చివరికి తేలేది మూర్ఛ. ప్రార్థన చేయించుకోండి, మాత్రలు మాత్రం మానకండి. మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మళ్ళీ వస్తాయి, ప్రాణం మీదకు కూడా రావచ్చు. పెట్టె తీసిన వారంలో ఎవరికైనా జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించండి, పెట్టె మీదకు నెట్టకండి. నిద్ర పట్టకపోవడం ఇలాగే కొనసాగితే డాక్టరును కలవండి. అది విశ్వాసం తక్కువై రాదమ్మా.

అరండల్‌పేట_లూథరన్:
మా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. మేం తరతరాలుగా క్రైస్తవులం. అయినా మా వాళ్ళ ఇళ్ళలో పసిపిల్లల మొలకు దిష్టితాడు, పొయ్యిలో ఎండుమిరపకాయలు ఇంకా పోలేదు. కొత్తగా వచ్చిన మీలాంటివాళ్ళే ఈ విషయంలో గట్టిగా ఉంటున్నారు, చూస్తే సంతోషంగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. తాయెత్తు తీసేసిన చోట ప్రార్థన నూనె సీసా పెట్టుకోవద్దు. అదే 19వ అధ్యాయంలో స్కెవ కొడుకులు ఏడుగురు యేసు పేరును మంత్రంలా వాడబోయి, దెబ్బలు తిని బట్టల్లేకుండా పారిపోయారు. దుష్టశక్తుల నుంచి విడిపిస్తామంటూ విడుదల ప్రార్థనకు ఇంత అని రేటు చెప్పేవాళ్ళ గడప తొక్కకండి. సమరయలో సీమోను డబ్బిచ్చి శక్తి కొనబోతే పేతురు ఎలా గద్దించాడో 8వ అధ్యాయంలో ఉంది.

కృష్ణలంక_సిస్టర్:
మనసు తేలికపడింది. ఇంకో సందేహం. అమ్మ రోజూ దీపం పెట్టుకుంటుంది. ఆ పటాలు కూడా తీసేయాలని సంఘంలో ఒకరన్నారు.

పటమట_అక్క:
వద్దమ్మా! నాన్నగారి పెట్టె వేరు, అమ్మ పూజ వేరు. ఆ పటాలు ఆవిడవి. మేం ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళం, మా అత్తగారు మారలేదు. దసరాకు ఆవిణ్ణి దుర్గమ్మ కొండకు ఆటో ఎక్కించేది నేనే. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవానికి ఆవిడే నాతో కొండెక్కుతారు. అమ్మ మనసు నొప్పించి తెచ్చుకునే విడుదల మనకెందుకు?

కృష్ణలంక_సిస్టర్:
సరే అక్కా, అమ్మ జోలికి వెళ్ళను. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు వస్తామన్నారు, అన్నయ్యకూ చెప్పాను. ఆ నోటు పుస్తకాల వెనక పేజీల్లో నాన్నగారు మా పుట్టిన తేదీలు, ఇంటి ఖర్చులు రాసుకున్నారు. ఆ పేజీలు చించి దాచుకోవచ్చా?

నల్లపాడు_బ్రదర్:
నిక్షేపంగా దాచుకోండి. అవి మంత్రాలు కావు కదా. కాల్చేముందు అన్నీ పేజీ పేజీ తిప్పి చూడండి, మా పుస్తకాల మధ్య పొలం పన్ను రసీదు దొరికింది.