అప్‌డేట్: అణువుల్లోని రసాయన బంధాలు తెగితే శక్తి ఖర్చే, మరి గ్యాస్ మండితే వేడెక్కడిది?

ఇంటర్ చదివే మా అమ్మాయి కోసం పై ప్రశ్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే పైపు గ్యాస్‌లో ఉండే మీథేన్‌తో ఇద్దరం లెక్క వేశాం.

ఒక మోల్ (అణువుల సంఖ్యను లెక్కించే కొలమానం) మీథేన్‌లోని కార్బన్-హైడ్రోజన్ బంధాలు తెంచడానికి 1,652 కిలోజౌళ్లు, రెండు మోల్‌ల ఆక్సిజన్‌కు 996. మొత్తం ఖర్చు 2,648. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిలో కొత్త బంధాలు ఏర్పడేటప్పుడు 3,450 బయటికొస్తాయి. మిగులు సుమారు 802. పాలు కాగేది ఆ మిగులుతోనే! లైటర్ నిప్పురవ్వ మొదటి బంధాలు తెగడానికి పెట్టుబడి. ఆ తర్వాత మంటే చూసుకుంటుంది.

బయాలజీలో ‘ఏటీపీ (కణాలు శక్తి కోసం వాడే అణువు) బంధం తెగితే శక్తి వస్తుంది’ అని చదివి పిల్ల మళ్లీ టెన్షన్ పడింది. అక్కడా తెగడానికి ఖర్చే. నీటితో చర్య జరిగి, మరింత స్థిరమైన పదార్థాలు ఏర్పడటం వల్లే శక్తి విడుదలవుతుంది. ఈ మాట పాఠంలోనే రాస్తే ఎంత బాగుండేదో!