లక్రాస్‌కు పాత క్రికెట్ హెల్మెట్ సరిపోతుందా?

అనంతపురం పీఈటీ:
మా బడిలో పన్నెండు మంది మగపిల్లలకు లక్రాస్ నేర్పిస్తున్నాం, కొసన వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట ఉందని తెలిసినప్పటి నుంచి వాళ్లకు నిద్ర లేదు. కర్రలు ఎట్లో సమకూరినాయి, హెల్మెట్లు కొనే స్తోమత లేదు. స్టోర్ రూములో క్రికెట్ హెల్మెట్లు పది ఉన్నాయి. బంతి కూడా క్రికెట్ బంతి కన్నా తేలికే. అవే పెట్టి ఆడిస్తే తప్పేముంది?

కర్నూలు గోల్‌కీపర్:
వద్దు సార్. బరువు మాట నిజమే, ఇది 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి 156 నుంచి 163. చూడాల్సింది సైజు. లక్రాస్ బంతి అడ్డకొలత సుమారు 6.3 సెంటీమీటర్లు, క్రికెట్ బంతిది 7.2. హెల్మెట్ అంచుకూ గ్రిల్లుకూ మధ్య సందు పెట్టేది క్రికెట్ బంతిని ఆపడానికి. పైగా చూపు బాగుండాలని మనోళ్లు స్క్రూలు వదులు చేసి గ్రిల్లు కిందికి దించుకుంటారు. మా తమ్ముడి హెల్మెట్ అట్లాంటిదే. బొటనవేలితో నెట్టితే బంతి లోపలికి జారి కనుబొమ్మ దగ్గర కూర్చుంది. అది గట్టి రబ్బరు సార్, టెన్నిస్ బంతి కాదు.

కడప అమ్మ:
ప్రతిదానికీ సామాను లేదని ఆపితే మా అట్లాంటోళ్ల పిల్లోళ్లు ఏ ఆట ఆడాల? ఆడపిల్లలు హెల్మెట్ లేకుండానే లక్రాస్ ఆడతారంట కదా.

కర్నూలు గోల్‌కీపర్:
గోల్‌కీపర్ తప్ప మిగతావాళ్లు ఆడతారు అక్కా, ఆడపిల్లల రూల్స్ వేరు. ఒంటితో గుద్దకూడదు, కర్ర తల దగ్గరికి రాకూడదు. అయినా అమెరికాలో కళ్లకు గార్డు, నోట్లో మౌత్‌గార్డు లేనిదే దిగనివ్వరు. మగపిల్లల ఆటలో భుజంతో గుద్దుతారు, కర్రతో చేతుల మీద కొడతారు, గురి తప్పితే తలకే. అందుకే ఆ హెల్మెట్‌కు ముఖమంతా కడ్డీలు, గడ్డానికి కప్పు, నాలుగు చోట్ల బిగించే పట్టీ. ఛాతీ కూడా మర్చిపోవద్దు. గుండె కొట్టుకునే లయలో సరిగ్గా ఒక్క లిప్తలో బంతి ఛాతీకి తగిలితే గుండె ఆగిపోవచ్చు. అమెరికా హైస్కూళ్లలో 2022 నుంచి మగపిల్లల ప్యాడ్లకు ఛాతీ రక్షణ తప్పనిసరి చేసింది ఇందుకే. డబ్బులు కూడేదాకా ఆడపిల్లల రూల్సుతో, కళ్ల గార్డులు పెట్టి ఆడించండి సార్.

అనంతపురం పీఈటీ:
సాయంత్రం పది హెల్మెట్లకూ బంతి పెట్టి చూసినా. మూడింట్లో దూరింది. మిగతావి పక్కనుంచి తోస్తే తలమీదే తిరిగిపోయినాయి. సరే, హెల్మెట్ల మాట వదిలేసినా. గ్లవ్స్ మాత్రం పాతవే తీసుకుంటా, అందులో నన్ను ఆపొద్దు.

కడప క్రికెట్ సామాన్ల అంగడి:
పాత గ్లవ్స్ తీసుకోండి సార్, అరచేతిలో చిరుగు లేకుంటే చాలు. పాత హెల్మెట్ మాత్రం లక్రాస్‌దైనా వద్దు, ఎన్ని దెబ్బలు తినిందో పైకి కనపడదు. ఆట అయినాక గ్లవ్స్ సంచిలో మూట కట్టొద్దు, చెమట ఉప్పుకు తోలు అట్టలా బిగుస్తుంది. తడిబట్టతో తుడిచి నీడలో గాలికి పెట్టండి. మన ఎండకు రేకుల మీద ఆరేస్తే అప్పడమే. బంతి నున్నగా మెరుస్తుంటే తీసేయండి, వలలో నిలవదు.

కడప అమ్మ:
కనీసం కళ్ల గార్డులకైనా చందా వేసుకుందాం సార్. నా వంతు నేనిస్తా.

అనంతపురం పీఈటీ:
సంతోషం తల్లీ. కుట్టు ఊడిన గ్లవ్స్ ఒక జత టవర్ క్లాక్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు ఇచ్చినా. నైలాన్ దారంతో రెండు వరసలు వేసినాడు. రేపు గోడకు కొట్టి పట్టే సాధనతో మొదలుపెడతాం.