మా చర్చి వెబ్‌సైట్ బాగా పాతబడింది, ముందు ఏది మార్చాలి?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మా చర్చి వెబ్‌సైట్ బాగుచేసే పని నాకు అప్పగించారు. ఫ్లాష్ (వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు చూపించే పాత సాఫ్ట్‌వేర్) నడిచిన రోజుల్లో చేయించింది, పైన బ్యానర్ ఉండాల్సిన చోట ఇప్పుడు ఖాళీ డబ్బా కనిపిస్తుంది, దాని కింద ఎర్ర అక్షరాలు పరిగెడుతుంటాయి, ఆరాధన టైమింగ్స్ ఎక్కడో "మా గురించి" పేజీ అడుగున ఉన్నాయి. ఫోన్‌లో అయితే వేళ్లతో పెద్దది చేసుకుంటే తప్ప చదవలేం. పెద్దలు "బాగానే ఉంది కదా" అంటున్నారు, యూత్ వాళ్లకేమో యానిమేషన్లు కావాలి.

జవాబు 1:
బ్రదర్, యానిమేషన్ల గొడవ పక్కన పెట్టి, ఆ సైట్ ఎవరి కోసమో ముందు తేల్చుకోండి. సంఘంలో ఉన్నవాళ్లకి టైమింగ్స్ ఎప్పుడో తెలుసు. సైట్ అవసరమయ్యేది కొత్తగా రావాలనుకునే మనిషికి. శనివారం రాత్రి ఫోన్‌లో చూస్తాడు: రేపు ఎన్నింటికి, ఎక్కడ, ఏ భాషలో, పిల్లలకి సండే స్కూల్ ఉందా, బండి ఎక్కడ పెట్టాలి. ఆరాధన సమయం, అడ్రస్ అయితే స్క్రోల్ చేయకుండానే కనబడాలి, అడ్రస్ నొక్కితే మ్యాప్, నంబర్ నొక్కితే కాల్ రావాలి. టైమింగ్స్‌ని పోస్టర్ బొమ్మలో మాత్రం పెట్టకండి, చూపు లేనివాళ్లకి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి ఆ అక్షరాలు అందవు, సమయం మారిన ప్రతిసారీ పోస్టర్ మళ్లీ చేయించాలి. పరిగెత్తే అక్షరాలు తీసేయండి, వయసు పైబడినవాళ్లు చదివేలోపే వెళ్లిపోతాయి. లేత బూడిద రంగు అక్షరాలూ వద్దు, వెనక రంగుతో కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలి.

జవాబు 2:
పై మాటే నాదీ. ఆ డబ్బా ఇక బాగుపడదు, ఫ్లాష్‌కి సపోర్ట్‌ని అడోబీ 2020 డిసెంబర్ 31తో ఆపేసింది, తీసేయడమే. హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య సమాచారం వేరేవాళ్లు చదవకుండా కాపాడే పద్ధతి) ఉందో లేదో చూడండి, లేని సైట్లకి క్రోమ్ 2018 జులై నుంచి "నాట్ సెక్యూర్" అని చూపిస్తోంది, కానుకల పేజీ పక్కన ఆ మాట కనిపిస్తే ఎవరు నమ్ముతారు? దానికి కావాల్సిన సర్టిఫికెట్‌ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగానే ఇస్తుంది. పాత ప్రసంగాల లింకులు మారితే పాత లింకు నొక్కినా కొత్త పేజీకే తీసుకెళ్లే 301 రీడైరెక్ట్ పెట్టండి, ఎన్నో ఏళ్ల వాక్యం ఒక్క రోజులో కనబడకుండా పోకూడదు. అన్నిటికంటే ముందు డొమైన్ (సైట్ అడ్రస్ పేరు) ఎవరి ఈమెయిల్ మీద రిజిస్టర్ అయి ఉందో కనుక్కోండి.

జవాబు 3:
పెద్దలతో వాదించకండి అన్నా. వాళ్ల ఫోన్‌లోనే సైట్ తెరిచి ఇచ్చి, రేపటి ఆరాధన ఎన్నింటికో వెతకమనండి, మీరు ఏమీ చెప్పొద్దు. అర్థమైపోతుంది. సంఘ చరిత్ర, పాత ఫొటోలు మాత్రం తీసేయొద్దు, వాటికో పేజీ ఇవ్వండి, అవి వాళ్ల జీవితం. పిల్లల ఫొటోలు తల్లిదండ్రులని అడక్కుండా పెట్టకండి. ప్రతి వారం అప్‌డేట్ చేసేది ఎవరో ఇప్పుడే అనుకోండి, లేదంటే ఎంత మంచి డిజైన్ అయినా ఈస్టర్ దాకా క్రిస్మస్ ప్రోగ్రామే కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. డొమైన్ సంగతి అడిగాను, సైట్ అప్పట్లో చేసిన బ్రదర్ సొంత ఈమెయిల్ మీదే ఉందట, ఆయన ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నారు. ముందు దాన్ని సంఘం పేరు మీదకి మార్పించి, తర్వాత హోమ్ పేజీ పట్టుకుంటాను.