ఎయిర్‌లాక్ ఆగిపోయింది, బీరు బాటిళ్లలో పోసేయొచ్చా?

మంచుఊరి కుర్రాడు (మిన్నియాపొలిస్):
నమస్తే అందరికీ. ఇంట్లో బీరు చేయడం నాకిది రెండోసారి. ఐదు గ్యాలన్ల పేల్ ఏల్ కిట్, ఈస్ట్ యూఎస్-05 ఒక ప్యాకెట్. ఈస్ట్ వేసిన రోజు గ్రావిటీ (నీళ్లతో పోల్చిన సాంద్రత, ఈస్ట్ చక్కెర తినేకొద్దీ దిగుతుంది) 1.052. బకెట్ బేస్‌మెంట్‌లో పెట్టాను. రెండో రోజు పొద్దున్నకల్లా ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్ బయటికి వదిలి, బయటి గాలి లోపలికి రానివ్వని గొట్టం) బుడబుడలాడింది, ఆరో రోజుకి చప్పుడే లేదు. ఇవాళ తొమ్మిదో రోజు. మూత తీసి చూస్తే నురగంతా దిగిపోయింది, బకెట్ లోపల చుట్టూ గోధుమరంగు చార మిగిలింది. గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ 1.020 చూపిస్తోంది. కిట్‌తో వచ్చిన కాగితంలో మాత్రం 1.010 నుంచి 1.013 అని రాసి ఉంది. వచ్చే నెల మా తమ్ముడు డల్లాస్ నుంచి వస్తున్నాడు, వాడికి నా చేత్తో చేసింది పోయాలని ఆశ. ఈ శనివారం బాటిళ్లు నింపకపోతే గ్యాస్ పట్టే టైమ్ ఉండదేమోనని టెన్షన్. నింపేయనా?

హాప్స్ ప్రియుడు:
రెండు వారాలు ఆగి నింపేయండి. నేనెప్పుడూ హైడ్రోమీటర్ జోలికి పోలేదు, ఏ ఇబ్బందీ రాలేదు.

గరాజ్ బ్రూవర్ (ఆస్టిన్):
తమ్ముడూ, దయచేసి శనివారం నింపకు. రెండు వారాలన్న లెక్క కూడా నమ్మకు. ఈస్ట్‌కి క్యాలెండర్ తెలియదు.

నీ లెక్కే చూద్దాం. 1.052 నుంచి 1.020కి వచ్చావంటే 52 పాయింట్లలో 32 దిగింది, అంటే సుమారు 62 శాతం. యూఎస్-05 మామూలుగా 78 శాతం దాకా తినేస్తుంది, అంటే 1.012 దగ్గరికి రావాలి. ఇంకా ఎనిమిది పాయింట్లు మిగిలాయి. ఐదు గ్యాలన్లలో ఆ ఎనిమిది పాయింట్లంటే సుమారు 300 గ్రాముల చక్కెర. బాటిల్ చేసేటప్పుడు గ్యాస్ కోసం మనం వేసే చక్కెర 110, 120 గ్రాములే. అంటే దానికి రెండున్నర రెట్లు ముందే లోపల కూర్చుని ఉంది. దాని మీద బిరడా బిగిస్తే ఏమవుతుందో నా కళ్లతో చూశాను.

మూడేళ్ల కిందట ఇలాగే ఎయిర్‌లాక్ ఆగిందని నింపేశాను. పది రోజులకి రాత్రి ఒంటిగంటప్పుడు గరాజ్‌లో ఢామ్మని చప్పుడు. లైటు వేసి చూస్తే అట్టపెట్టె పక్కకి చీలి ఉంది, వేలెడంత గాజుముక్క ఎదుటి గోడలోకి దిగబడింది. సరిగ్గా మా బాబు సైకిల్ సీటు ఎత్తులో. ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టలేదు. తెల్లారాక మందపాటి గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని మిగిలిన బాటిళ్లన్నీ ఒక్కొక్కటే గ్యాస్ వదిలించి పారబోశాను.

మా నల్గొండ వైపు కల్లు కుండ మూతి ఎవరూ బిగించరు. పులుస్తున్నంతసేపూ ఊపిరాడాలని వాళ్లకు తెలుసు. ఎయిర్‌లాక్ ఆగడమంటే ఆ పులవడం అయిపోయిందని కాదు. మూత సరిగ్గా కూర్చోకపోతే గ్యాస్ పక్కనుంచి పోతుంది. చలికి ఈస్ట్ ముడుచుకుని అడుక్కి దిగుతుంది. అటు పులవడం అయిపోయాక కూడా గది వేడెక్కితే బుడగలొస్తాయి, బీరులో కరిగిన గ్యాస్ బయటికి వస్తుందంతే. బుడగ ఏ వైపూ సాక్ష్యం కాదు.

మీ బేస్‌మెంట్ ఎంత చల్లగా ఉంది? 64 ఫారన్‌హీట్ కంటే తక్కువైతే బకెట్ పైకి తెచ్చి 68, 70 ఉండే గదిలో పెట్టు. మూత తీయకుండా మెల్లగా నాలుగుసార్లు గుండ్రంగా కదుపు, అడుగున పడుకున్న ఈస్ట్ లేస్తుంది. రెండు రోజులాగి చూడు. తర్వాత రీడింగ్ తీసి, మూడు రోజులాగి మళ్లీ తియ్యి. రెండూ ఒకటే అయి, కాగితంలో చెప్పిన అంకెకి దగ్గరగా ఉంటే అప్పుడు నింపు. ఒకటే అంకె వచ్చినా 1.020 దగ్గరే నిలబడితే ఇంకా నింపకు, అది ఆగిన బండి, చేరిన బండి కాదు.

రీడింగ్ తీసేటప్పుడు హైడ్రోమీటర్‌ని వేళ్లతో గిర్రున తిప్పి వదులు. దానికి అంటుకున్న గ్యాస్ బుడగలు దాన్ని పైకి లేపి అంకె పెంచి చూపిస్తాయి. ముందు మంచినీళ్లలో 1.000 చూపిస్తోందో లేదో కూడా చూసుకో. కొలిచిన బీరు బకెట్‌లో తిరిగి పోయకు, తాగి రుచి చూడు.

చారుకేసి (సియాటిల్):
అన్న చెప్పిందానికి ఒక్క మాట. రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగడాన్ని బట్టి చక్కెర కొలిచే పరికరం) ఉంటే దాని అంకె నేరుగా తీసుకోకండి, ఆల్కహాల్ వల్ల ఎక్కువ చూపిస్తుంది, సవరించుకోవాలి. రుచిలో పచ్చి యాపిల్ గానీ, వెన్న రాసిన పాప్‌కార్న్ గానీ తగిలితే గ్రావిటీ కుదిరినా ఇంకో రెండు, మూడు రోజులు వెచ్చగా ఉంచండి. ఈస్ట్ ఆ వాసనలు కూడా తినేస్తుంది.

మంచుఊరి కుర్రాడు:
అన్నా, బేస్‌మెంట్‌లో థర్మామీటర్ పెడితే 57! ఆ రాత్రే బకెట్ పైకి మోసుకొచ్చి భోజనాల బల్ల పక్కన పెట్టాను. మర్నాడు సాయంత్రానికి ఎయిర్‌లాక్ మళ్లీ మెల్లగా కదిలింది. మూడో రోజు 1.016. తర్వాతి శనివారం 1.012, మంగళవారం మళ్లీ 1.012. తాగి చూశాను, యాపిల్ వాసన లేదు. ఆల్కహాల్ 5.2 శాతం దాకా వచ్చింది. నిన్న 115 గ్రాముల చక్కెర మరగబెట్టి కలిపి నలభై ఆరు బాటిళ్లు నింపాను. వాటిలో ఒకటి ప్లాస్టిక్ సీసా, దాన్ని రోజూ నొక్కి చూస్తాను. గ్యాస్ పట్టి అది గట్టిపడ్డాక బాటిళ్లు ఫ్రిజ్‌లో పెడతాను. తమ్ముడు వచ్చేది ఇరవై రెండున.