‘బోర్లా పడితే బొబ్బట్లు’: ఇందులో నెలల లెక్క ఎందుకు లేదు?

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా పాపకు ఇప్పుడు ఆరు నెలల పది రోజులు. రెండు వారాల కిందట చాప మీద వెల్లకిలా పడుకున్న పిల్ల మూలుగుతూ, మొహం ఎర్రబడేదాకా తంటాలు పడి, ఒక్క ఊపున బోర్లా పడింది. చెయ్యి మాత్రం ఒంటి కిందే ఇరుక్కుపోయింది. మా అత్తయ్య వంటింట్లోంచి పరుగున వచ్చి, "పిల్ల బోర్లా పడిపోనాదే! సెనగపప్పు నానబెట్టు" అన్నారు.

ఎదురింటి బాబు నాలుగో నెలలోనే బోర్లా పడ్డాడు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్‌లో నెలల పట్టిక పెట్టుకుని రోజూ చూసేదాన్ని. అత్తయ్య దగ్గర ఉన్న పట్టిక వేరు: బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు. చిలకలంటే పంచదార చిలకలు.

బొబ్బట్లు పంచిన రోజు రాత్రి ఈ వరస మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. బోకు బొ, పాకు పా, గకు గా. చదువు రాని అమ్మమ్మలకు కూడా వరస తప్పకుండా గుర్తుండడానికి ఆ మొదటి అక్షరాలే ఆధారం. కానీ నాకు అంతకన్నా నచ్చింది ‘పడితే’, ‘పాకితే’, ‘దాటితే’ అన్న చేదర్థకం, అంటే ‘అలా జరిగితే’ అని చెప్పే క్రియారూపం. ఐదో నెలలో బొబ్బట్లు అనలేదు, ఏడాదికి అరిసెలు అనలేదు. పిల్ల ఎప్పుడు పడితే అప్పుడే పండగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కలు చూసినా ఇదే కనిపిస్తుంది. ఆధారం లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల లోపు, ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 లోపు. ఆ పిల్లల్లో నూటికి నలుగురు అసలు మోకాళ్ళ మీద పాకనే లేదు. ఈ లెక్క కోసం చూసిన ఐదు దేశాల్లో మన దేశమూ ఉంది. అనుమానం ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే, మేమూ చూపించాం. పక్కింటి పిల్లాడితో పోల్చుకుని ఏడవడం మాత్రం మానేశాను.

ఇంకో సంగతి. బొబ్బట్లు బిడ్డకు కావు, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. ఆ తీపి ఊరికి.

మా పక్కింటి ఒడియా అక్కకు కూడా ఒక బొబ్బట్టు ఇచ్చాను. వాళ్ళు పాకడాన్ని ‘గురుండిబా’ అంటారట. నడక వచ్చినప్పుడు పళ్ళెంలో అరిసెలు పరిచి వాటి మీద అడుగులు వేయిస్తామని చెబితే, "మా ఆరిసా పిఠాయే కదా!" అంది. అవే బియ్యప్పిండి, బెల్లం. 1936లో మా ఊరు ఒరిస్సా రాష్ట్రంలోకి వెళ్ళింది కానీ, అరిసె రెండు భాషల్లోనూ మిగిలింది. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుక మాటను ఇక్కడ పట్టించుకోకపోతే ఇంకెక్కడ పట్టించుకుంటాం?

నా ప్రశ్న: పిల్లలు పాకడానికి మనం వాడే పారాడటం, దోగాడటం, అంబాడటం మూడూ ఒకటేనా? మీ ఇళ్ళలో ఏది అంటారు?

రాయగడ నుంచి ఒక సభ్యురాలు: మా ఇంట్లో పొట్ట మీద ఈడ్చుకుంటే పాకడం, మోకాళ్ళ మీద లేస్తే దోగాడటం. మా అమ్మ ఈ రెండూ ఎప్పుడూ కలపదు. అంబాడటం పద్యాల్లోనే చూశాను.

బరంపురం నుంచి ఒక పెద్దాయన: నిఘంటువుల్లో మూడూ దాదాపు ఒకే అర్థంలో కనిపిస్తాయమ్మా. తేడా ఇళ్ళల్లో పుట్టింది. అయినా రాయగడ అమ్మాయి చెప్పిన తేడా నిలబెట్టుకోదగ్గది. పొట్ట మీద కదిలే పిల్లకూ మోకాళ్ళ మీద కదిలే పిల్లకూ మధ్య తల్లికి ఎన్నో రోజుల దూరం ఉంటుంది.

నేను: అవునండీ. ఇంకోటి గమనించాను, మూడింటి చివరా ‘ఆడు’ వినిపిస్తోంది. మా పాప నిన్నటి నుంచి చేతులూ మోకాళ్ళూ ఆనించి లేస్తోంది. ముందుకు కదలడం లేదు, అక్కడే ముందుకూ వెనక్కూ ఊగుతోంది. పట్టికలో దీనికి పేరు లేదు, అత్తయ్య వరసలో పిండివంట లేదు. దీనికేమంటారు?

రాయగడ సభ్యురాలు: ఊగులాడుతోంది అంటాం. చూశారా, మళ్ళీ ‘ఆడు’! పాయసానికి బియ్యం తెచ్చి పెట్టుకోండి.