ఇథియోపియా బస్ టికెట్ మీద "రాత్రి 10" అంటే ఏ తేదీ?

ఇథియోపియాలో ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

అక్కడ గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలు. మన ఉదయం 7 వాళ్లకి 1, మన మధ్యాహ్నం 12 వాళ్లకి 6. వాళ్ల టైముకి 6 కలిపితే సరి, ఇందులో ఇబ్బంది లేదు.

తేదీలే తిరకాసు. 30 రోజుల నెలలు 12, చివర్లో పగుమే అని 5 రోజుల 13వ నెల. నాలుగేళ్లకోసారి దానికి 6 రోజులు. వాళ్ల 2015 అలాంటిదే. అందుకే 2016 సంవత్సరాది సెప్టెంబర్ 11న కాకుండా 2023 సెప్టెంబర్ 12న వచ్చింది. వాళ్ల ఏడాది తెలియాలంటే మన ఏడాదిలోంచి ఎప్పుడూ 8 తీసేసినా తప్పే. వాళ్ల సంవత్సరాది నుంచి డిసెంబర్ 31 దాకా తేడా 7 మాత్రమే.

అసలు సందేహం: చేతిరాత టికెట్ మీద "మెస్కెరెమ్ 5, రాత్రి 10" అని ఉంటే (మెస్కెరెమ్ వాళ్ల మొదటి నెల), అది మన తెల్లవారుజాము 4. కానీ 5వ తేదీ తెల్లవారబోయే ముందా, 5 గడిచి 6 తెల్లవారబోయే ముందా? మన పంచాంగంలోలా సూర్యోదయంతో రోజు మారితే రెండోది, అర్ధరాత్రితో మారితే మొదటిది. పొరపడితే బస్సు ముందురోజే వెళ్లిపోయి ఉంటుంది!

అడిస్ అబాబా కౌంటర్లలో ఏ లెక్కన రాస్తారు? వారం పేరు కూడా రాయించుకుంటే సరిపోతుందా?